బాలల కథలలో అంగవైకల్యము: వేంగీ – కొల్లేటి సీమనుండి ఒక పరిశీలనము

తెలుగు బాలసాహిత్యమును గూర్చి మాటలాడునప్పుడు మనము సాధారణముగా నీతిని, భాషాసౌలభ్యమును, వినోదమును విచారింతుము. కథలలోని మనుష్యుల శరీరములను గూర్చి విచారించుట అరుదు. కాని బాలుడు వినెడి మొదటి కథలలోనే గ్రుడ్డివాడు, కుంటివాడు, గూనివాడు, మూగవాడు ఎదురగుదురు. వారు ఆ కథలలో ఏ పనికి వచ్చుచున్నారు? కథ ముగియునప్పటికి వారి శరీరమునకు ఏమి సంభవించుచున్నది? కథలోని తక్కినవారు వారి మాటను చెవినిడుచున్నారా? ఈ మూడు ప్రశ్నలను పురస్కరించుకొని, మన పిల్లలకు తరతరములుగా చెప్పబడుచు వచ్చిన కొన్ని కథలను పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వేంగీ – కొల్లేటి సీమను ఆధారముగా గైకొనుటకు కారణము లేకపోలేదు. నీటిలో మునిగి క్రొత్త శరీరముతో లేచుటను గూర్చిన రెండు ప్రాచీన కథలకు ఈ సీమతో సంబంధము కలదు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తరువాతి బాలకథల తీరు కొంత తేటపడును.

కథలకు ముందు భాషను చూడవలెను. ఏలయనగా బాలునికి కథకంటె ముందు పలుకుబడి అందును. వెలుతురు చాలని దీపము గ్రుడ్డిదీపము. చెల్లని గవ్వ గ్రుడ్డిగవ్వ. నిలువని నెపము కుంటిసాకు. 'మొండి' అను శబ్దము మరింత ఆలోచింపదగినది. అది తెగిన చేతికిని పేరు, మాట వినని స్వభావమునకును పేరు. అడిగినది ఈయకపోవుటను 'మొండిచేయి చూపుట' యందుము. చెవిటివాని ముందు శంఖమూదుట, గ్రుడ్డెద్దు చేలో పడుట మొదలగు సామెతలను లెక్కింపబూనినచో అంతముండదు. వీనిని పలుకువారందరు దురుద్దేశముతో పలుకుచున్నారని కాదు. శరీరలోపమును చెప్పు పదము గుణలోపమును చెప్పు పదముగా మారిన పిమ్మట, బాలుడు ఆ రెండింటిని వేరుచేసి చూచుట కష్టమగునని మాత్రమే చెప్పదలచితిని.

ఆటలయందును ఇట్టి విశేషమొకటి కలదు. ఏలూరు, తాడేపల్లిగూడెముల వీధులలోనైనను, కొల్లేటి లంకలలోనైనను పిల్లలు ఒంటికాలిపై గెంతుచు కుంటాట ఆడుదురు. కండ్లకు గంతలు కట్టుకొని తడుముకొనుచు తోడివారిని పట్టుకొందురు. ఆ కాసేపు ఒకడు కుంటి, ఒకడు గ్రుడ్డి. ఆట ముగియగానే రెండవ కాలు నేలకు దిగును, గంత ఊడును. వైకల్యమనునది కొంతసేపు ఉండి తొలగిపోవునది అను భావము ఈ విధముగా ఆటద్వారమున అలవడుచున్నది. మన కథలు అనేకము ఈ ఆటవలెనే ముగియును.

మొదటి కథ దండి రచించిన దశకుమారచరితములోనిది. ఇది బాలల కొరకు వ్రాయబడిన గ్రంథము కాదు. కాని దీనిలోని కథాంశములు జానపద కథలలోను, పిల్లల కథలలోను వ్యాపించియున్న జాతికి చెందినవే. తెలుగున 13వ శతాబ్దిలో కేతన దీనిని అనువదించి తిక్కనకు అంకితమిచ్చెను. ఇందు మంత్రగుప్తుని కథకు రంగస్థలము ఆంధ్రనగరము. దాని సమీపమున సముద్రమును తలపించు సరస్సు కలదు. ఆ సరస్సు కొల్లేరనియు, ఆ నగరము వేంగి యనియు పలువురు పండితులు గుర్తించిరి. నేటి పెదవేగి ఏలూరికి ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆంధ్రరాజగు జయసింహుడు కళింగరాజును, ఆతని కుమార్తె కనకలేఖను చెరపట్టి తెచ్చెను. ఆమెను యక్షుడొకడు ఆవేశించియున్నాడనియు, వాడు రాజును దరిచేరనీయడనియు వార్త పుట్టినది. మంత్రగుప్తుడు సన్న్యాసి వేషమున వచ్చి, తాను మంత్రించిన సరస్సులో అర్ధరాత్రమున మునిగినచో రాజునకు యక్షుడు ఎదిరింపలేని క్రొత్త శరీరము కలుగునని నమ్మించెను. రాజు మునిగెను. ఒడ్డున ముందే త్రవ్విన బిలములో దాగియున్న మంత్రగుప్తుడు అతనిని నీటిలోనే చంపి, తానే ఆ క్రొత్త శరీరముగల రాజునని చెప్పుకొనుచు వెలికివచ్చెను.

ఈ కథలో రాజు వికలాంగుడు కాడు. అయినను ఉన్న శరీరము చాలదని, నీరు దానిని మార్చునని నమ్మినవాడు. ఆ నమ్మకమే అతని చావునకు కారణమైనది. మరియొక విశేషమేమనగా, ఈ కథను చెప్పు మంత్రగుప్తుని పెదవులు గాయపడియుండెను. కావున ఓష్ఠ్యాక్షరములు లేకుండ కథనంతయు చెప్పెను. అలంకారశాస్త్రము దీనిని కవి చమత్కృతిగా గ్రహించినది. మనమింకొక విధముగ కూడ చూడవచ్చును. పలుకలేని అక్షరములు పలుకుటకు అతడు ప్రయత్నింపలేదు, పెదవులు మానువరకు ఆగనులేదు. పలుకగల అక్షరములతోనే కథను పూర్తిచేసెను. శ్రోతలగు మిత్రులు దానిని కథగా వినిరి.

అదే గ్రంథమున మిత్రగుప్తుడు చెప్పు ధూమినీవృత్తాంతము కలదు. కాలుసేతులు, ముక్కుచెవులు కోయబడిన ఒక మనుష్యుని ధన్యకుడను గృహస్థు జాలిపడి మోసికొనిపోయి పోషించెను. తరువాత భార్యయే భర్తపై నేరము మోపి, ఆ మనుష్యుని వికలుని చేసినది ఇతడేయని రాజునకు విన్నవించెను. వధ్యస్థానమునకు పోవుచు ధన్యకుడు కోరినది ఒక్కటే: ఆ వికలాంగుని పిలిపించి అడుగుడని. పిలిపించిరి, అతడు కన్నీటితో జరిగినది జరిగినట్లు చెప్పెను, ధన్యకుని ప్రాణము నిలిచెను. ఇచ్చట వికలుని శరీరము చివరకును మారలేదు. అయినను న్యాయము అతని వాక్కుపై ఆధారపడినది.

రెండవ నీటికథ అష్టావక్రునిది. మహాభారతమున అరణ్యపర్వములోని ఈ ఉపాఖ్యానము నన్నయ రచించిన భాగమున తెలుగునకు దిగినది. నన్నయ వేంగీచాళుక్యుడగు రాజరాజనరేంద్రుని ఆస్థానకవి, కాలము 11వ శతాబ్ది. కావున ఈ కథ వేంగీరాజ్యపు ఆశ్రయమున తెలుగు పలికిన కథ యనవచ్చును. పన్నెండేండ్ల బాలుడు నాయకుడగుటచేత ఇది నేటికిని పాఠ్యపుస్తకములకు, పిల్లల పత్రికలకు ఇష్టమైన వస్తువు.

వ్యాసుని మూలమున కథాక్రమము ఇది. గర్భస్థశిశువు తండ్రి వేదపఠనమున దోషము నెత్తి చూపెను; తండ్రి కోపించి ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించెను. తండ్రి జనకుని సభలో వందియను పండితునితో వాదించి ఓడి నీట ముంపబడెను. బాలుడు తాత యింట పెరుగుచు, ఆయనయే తండ్రియని తలచెను. ఒకనాడు ఆ తాత ఒడిలో కూర్చుండగా, సమవయస్కుడగు మేనమామ శ్వేతకేతువు ఇది నీ తండ్రి ఒడి కాదని లాగివేసెను. అంతట బాలుడు తల్లినడిగి నిజము తెలిసికొని జనకుని నగరమునకు బయలుదేరెను. ద్వారపాలకుడు బాలురకు ప్రవేశము లేదని అడ్డగించెను. తల నెరసినంతమాత్రమున పెద్దవాడు కాడని బాలుడు వాదించి లోనికి పోయెను. వందితో జరిగిన వాదము ఒకటి మొదలు పదమూడు వరకు అంకెలతో నడచినది. పదమూడవ అంకెకు వంది సగములో ఆగిపోయెను. తక్కిన సగమును బాలుడు పూరించెను. ఓడి నీట మునిగినవారందరు తిరిగివచ్చిరి. పిమ్మట తండ్రి ఆజ్ఞపై బాలుడు సమంగానదిలో మునిగి, వంకరలు తీరిన అవయవములతో లేచెను.

పరిశోధకులు గమనింపదగిన అంశములు ఇందు రెండు కలవు. ఒకటి: మూలమున ఈ బాలుని శరీరమును చూచి ఎవ్వరును నవ్వలేదు. శ్వేతకేతువు గుచ్చినది తండ్రిలేమిని గూర్చి. ద్వారపాలకుడు అడ్డగించినది వయస్సును గూర్చి. సభ అంతయు అతని వంకరలను చూచి నవ్వెననియు, ఇచ్చట నున్నవారందరు తోలును మాత్రమే చూచు చర్మకారులని అతడు బదులు పలికెననియు చెప్పు ప్రసిద్ధకథ భారతములోనిది కాదు, తరువాత చేరినది. అయినను తరగతి గదులలో ఎక్కువగా చెప్పబడునది అదియే. ఆ కథ ఒక అవమానమును ఖండించుటకు మరియొక అవమానమును వాడుకొనుచున్నది. వికలాంగుని పక్షమున నిలిచినట్లు కనబడుచునే తోలుపని చేయువారిని చులకన చేయుచున్నది. ఆ వృత్తి కుటుంబములనుండి వచ్చిన బాలుడు ముందు బల్లపై కూర్చుండి ఈ కథ వినుచుండునని చెప్పువారికి తోచుటలేదు.

రెండవ అంశము: సమంగాస్నానము విజయమునకు తరువాతనే జరిగినది. ద్వారము తెరవబడినప్పుడును, పదమూడవ అంకె పూరింపబడినప్పుడును, తండ్రి బ్రదికి వచ్చినప్పుడును ఆ బాలుడు ఎనిమిది వంకరలతోనే ఉన్నాడు. కథలో జరుగవలసిన కార్యమంతయు వంకర శరీరముతోనే జరిగినది. స్నానము లేకున్నను కథ సంపూర్ణమే. కాని బాలలకు సంక్షిప్తము చేసి చెప్పునప్పుడు ఈ రెండు ఘట్టముల నడుమనున్న దూరము తగ్గిపోవును. తెలివికి బహుమానముగా అందము లభించెనన్న భావము మిగులును. అప్పుడు చక్కబడని శరీరముగల బాలుడు తనకు తెలివి చాలలేదని తలపోయవలసివచ్చును. కథకుడు ఉద్దేశింపని నీతి ఇది. ఉద్దేశింపకున్నను అది వినబడుచునే యుండును.

గూనివారి కథలయందు ఈ విషయము మరింత స్పష్టము. పిల్లలకు రామాయణము చెప్పునప్పుడు మంథర తప్పక వచ్చును, భాగవతము చెప్పునప్పుడు కుబ్జ వచ్చును. మంథర చెడ్డది, ఆమె గూనితోనే మిగిలిపోవును. కుబ్జ భక్తురాలు, కృష్ణుడు ఆమె పాదములను త్రొక్కిపట్టి గడ్డమునెత్తి నిటారుగా నిలిపెను. ఇతిహాసపురాణములలో ఈ రెండు పాత్రలకు వేరువేరు ప్రయోజనములున్నవి. కాని రెండు కథలను ఒకే ఏడాదిలో విను బాలునికి ఈ రెండును కలిసి, మంచివారి గూని పోవుననియు, చెడ్డవారి గూని పోదనియు ఒక సూత్రమును ఏర్పరచును.

తెనాలి రామకృష్ణుని పేర వాడుకలోనున్న చాటుకథలలో గూనిచాకలి కథ మరియొక మెట్టు దిగినది. రాజదండనచే మెడవరకు పాతిపెట్టబడి, ఏనుగు వచ్చి త్రొక్కుటకై ఎదురుచూచుచున్న రామకృష్ణుడు, దారిని పోవు గూని చాకలివానితో తన గూని ఈ విధముగా కుదిరినదని చెప్పెను. ఆశపడిన చాకలి అతనిని వెలికితీసి తాను గోతిలో దిగెను. రామకృష్ణుడు తప్పించుకొనెను. చాకలి ఏమయ్యెనని కథ విచారింపదు. విచారించిన కథనములలో ఏనుగు అతనిని త్రొక్కివేయును. దీనికి పిల్లలు నవ్వవలెను. కొల్లేటి నీటిలో క్రొత్త శరీరమునకై మునిగి మోసపోయిన జయసింహుని కథకు ఇది దగ్గరి చుట్టము. కాని ఒక భేదమున్నది. అచ్చట మోసపోయినది పరరాజును, అతని కుమార్తెను చెరపట్టిన రాజు. ఇచ్చట మోసపోయినది తన బరువు తాను మోసికొనుచు పోవుచుండిన శ్రమజీవి. మొదటి కథలో దురాశకు శిక్ష కలదు. రెండవ కథలో వైకల్యమే శిక్షకు హేతువగుచున్నది.

ఈ వరుసలో హితోపదేశమునందలి జరద్గవుని కథను తిరిగి చదువవలెను. జరద్గవము ముసలిది, గ్రుడ్డిది యగు గ్రద్ద. ఆ చెట్టుమీది పక్షులు తమ ఆహారములో కొంత కొంత దానికి పెట్టుచుండెను. అది వారి పిల్లలను కాపాడుచుండెను. ఇది భిక్ష కాదు, ఒప్పందము. చూపులేని ప్రాణికి ఒక పని, ఆ పనికి ఒక పాలు, గూటిలో ఒక స్థానము లభించినవి. పిల్లి వచ్చి మంచిమాటలతో నమ్మించి పక్షిపిల్లలను తిని, ఎముకలను గ్రద్ద తొఱ్ఱలో విడిచి పారిపోయెను. పక్షులు ఎముకలను చూచి గ్రద్దయే తిన్నదని నిశ్చయించి చంపివేసెను. కులశీలములు తెలియనివానికి చోటీయరాదను నీతిని కథ చెప్పుచున్నది; మనము దానినే పరీక్షలలో అడుగుచున్నాము. ఆ పక్షులు జరద్గవమును ఒక్కమాటయైన అడుగలేదన్న సంగతిని అడుగుట లేదు. ధూమినీకథలో రాజు వికలుని పిలిపించి అడిగెను, ప్రాణము దక్కెను. ఇచ్చట అడుగలేదు, ప్రాణము పోయెను. పై రెండు కథలను ఒకే పాఠముగా చెప్పగల ఉపాధ్యాయుడు ధన్యుడు.

అచ్చుయుగమున ఈ కథలు మరింత దూరము ప్రసరించినవి. బాలశిక్షలు, వాచకములు, కథల పుస్తకములు పల్లెబడులకు చేరినవి. 20వ శతాబ్దిలో ఏలూరి వేంకట్రామ అండ్ కో వారి పాఠ్యపుస్తకములు తెలుగుదేశమున ప్రఖ్యాతి గాంచినవి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసునుండి 'బాల'ను వెలువరించిరి. 1947 జులైలో 'చందమామ' వెలసినది. అచ్చుకథలు మౌఖికకథలకు స్థిరత్వము నిచ్చినవి, బొమ్మలు నిచ్చినవి. కథ చెప్పు అవ్వ ఎదుట కుంటిపిల్లవాడు కూర్చుండినచో ఆమె ఒక పదము మార్చి చెప్పగలదు. అచ్చుపుట మార్చి చెప్పలేదు. అచ్చుతో కలిగిన లాభములను తగ్గింపకయే ఈ నష్టమును గుర్తింపవలెను.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. స్విట్జర్లాండు రచయిత్రి యొహన్నా స్పైరి 1880–81లో ప్రకటించిన 'హైడి' కథలో చక్రముల కుర్చీలో నుండు క్లారా పర్వతపు గాలిచే నడువనేర్చెను. ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1911లో ప్రకటించిన 'ది సీక్రెట్ గార్డెన్' అను నవలలో కోలిన్ తోటలో లేచి నిలిచెను. అచ్చట నదికి బదులు గాలి, శాపమునకు బదులు వ్యాధిభయము. ముగింపు మాత్రము సమంగాస్నానమే. నడువలేని బాలుడు నడువలేనివాడుగనే సంతోషముగ నుండుటను చూపుటకు ఐరోపా కథకులు కూడ చాలకాలము జంకిరి.

ఇచ్చట నా బాల్యమునందలి ఒక విషయమును చెప్పుట అప్రస్తుతము కాదు. కొల్లేటి ఒడ్డున ఒక పల్లెబడిలో నాతో చదివిన బాలునికి పోలియోవలన ఒక కాలు చచ్చుబడియుండెను. గూనిచాకలి కథ చెప్పబడిన దినమున తరగతి అంతయు నవ్వి, వెంటనే అతనివైపు తిరిగి చూచినది. కథలో గూని, ఇతనికి కాలు. అయినను చూపులు అతనినే వెదకినవి. అతడు మాతోపాటు నవ్వెను. సెలవుదినములలో మేము తాటిదోనెలలో పోవునప్పుడు, కూర్చుండి తెడ్డు వేయుటలో అతనికి సాటివచ్చువాడు మాలో లేడు. నేలపై వెనుకబడినవాడు నీటిపై ముందుండెను. అతని కాలు ఆ రెండు చోట్లను ఒక్కటే. మారినది చోటు మాత్రమే. ఏ కథయు మాకీ సంగతి చెప్పలేదు, కొల్లేరు చెప్పినది. భారతదేశమున చివరి పోలియో ఉదంతము 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చి 27న ఈ ప్రాంతము పోలియోరహితముగ ధ్రువీకరింపబడినది. ఆ వ్యాధి తొలగినది. ఆ దినపు చూపు మన తరగతులనుండి తొలగినదని చెప్పజాలను.

నాడు కొల్లేటిలో మేము చూచినదానినే పిమ్మట అంతర్జాతీయ న్యాయము సూత్రీకరించినది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక, వైకల్యము శరీరలోపమునందు మాత్రమే లేదనియు, ఆ శరీరమునకు ఎదురగు అడ్డంకులతో కలిసి ఏర్పడుననియు గుర్తించినది. భారతదేశము దానిని 2007లో అంగీకరించినది. 1995నాటి చట్టము స్థానమున వచ్చిన 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొన్నది. 2011 జనగణనము దేశమున 2 కోట్ల 68 లక్షల మందిని వికలాంగులుగా లెక్కించినది. పేర్లును మారినవి: వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు. గౌరవము కొరకు కల్పింపబడిన ఈ పదములను కాదనుటకు వీలులేదు. కాని 'దివ్య' శబ్దమున మరల అద్భుతమే వినబడుచున్నది. శాపగ్రస్తుడు, దివ్యుడు అను ఈ రెండు పేర్ల నడుమ సామాన్యుడగు బాలునికి చోటు కావలెను.

అట్టి చోటును కల్పించు ప్రయత్నములు ఇటీవల లేకపోలేదు. హైదరాబాదునందలి అన్వేషి సంస్థ రూపొందింపగా 2008లో తెలుగు, మలయాళము, ఆంగ్లములలో వెలువడిన 'డిఫరెంట్ టేల్స్' కథామాలికలో జయశ్రీ కళత్తిల్ కథయొకటి కలదు. ఊరు పిచ్చివాడని దూరముంచిన ఒక మనుష్యునితో ఒక బాలికకు కలిగిన చెలిమి దాని వస్తువు. 1951లో భారతీ బ్రెయిల్ ఏర్పడుటచే చూపులేని తెలుగుబాలుడు తెలుగు కథను తన వ్రేళ్ళతో తానే చదువుకొను మార్గము తెరవబడినది. అతడు చదువు కథలో గ్రుడ్డివాడెట్లున్నాడన్న ప్రశ్న అప్పటినుండి మరింత బాధ్యతతో కూడినదైనది. ఆ పుటను చదువుచున్నవాడు అతడే గనుక.

ప్రాచీనకథలను పరిహరింపుమని ఈ వ్యాసము కోరుటలేదు. పరిహరించినచో అష్టావక్రుని ద్వారప్రవేశమును, ధన్యకుని సాక్షిని, జరద్గవుని కొలువును కూడ కోల్పోవుదుము. కథకు మనము వేయు ప్రశ్నలను మార్చుకొనవలెను. ఆ బాలుడు ఎప్పుడు చక్కబడెనని కాక, చక్కబడకముందు ఏమి చేసెనని అడుగవలెను. పరిశోధక విద్యార్థులకు ఇందు మూడు పనులు కనబడుచున్నవి. కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెము చుట్టుపట్ల పల్లెలలోను పెద్దలు నేటికిని చెప్పుచున్న కథలను, వాని ముగింపుల భేదములతో సహా సేకరించుట మొదటిది. ఏలూరు మొదలగు పట్టణములలో అచ్చైన పాత వాచకములను సంపాదించి, ఒకే కథ వివిధకాలములలో ఏయే మార్పులు పొందినదో సరిపోల్చుట రెండవది. ఈ పాఠములను చదివిన వికలాంగ విద్యార్థులనే అడిగి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొనుట మూడవది. మొదటి రెండు పనులకు మన శాఖలలో సాధనసంపత్తి, అలవాటు రెండును కలవు. మూడవదానిని మనము ఇంకను ఆరంభింపవలసియున్నది.